రక్తం తగ్గినప్పుడు మెదడు కణం ఏం చేస్తుంది?

రక్త ప్రసరణ తగ్గగానే మెదడు కణం చనిపోదు. ముందుగా పని తగ్గించుకుంటుంది. శరీర బరువులో రెండు శాతమే ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నప్పుడు సైతం ఒంటికి అందే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం వాడుకుంటుంది, పైగా దానికి చెప్పుకోదగ్గ నిల్వలేవీ లేవు. మామూలుగా ప్రతి 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. ఇది తగ్గే కొద్దీ మొదట ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది, తరువాత ఆక్సిజన్ చాలక ల్యాక్టేట్ అనే ఆమ్ల పదార్థం పేరుకుంటుంది, 20 మిల్లీలీటర్ల దరిదాపుల్లో విద్యుత్ సంకేతాలు ఆగిపోతాయి. శక్తినిచ్చే ఏటీపీ విడిపోగా పుట్టే అడెనోసిన్ కణాల చురుకుదనాన్ని తగ్గించి, రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. (ఇరానీ చాయ్ తాగితే మగత వదలడానికి కారణం, అందులోని కెఫీన్ ఈ అడెనోసిన్‌కే అడ్డుపడటం.)

అంటే మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతంతో చేయి పడిపోయినా, దాన్ని నడిపే కణాల్లో చాలావరకు ఇంకా బతికే ఉండవచ్చు. మూగబోయినా ప్రాణమున్న ఈ ప్రాంతాన్ని 1981లో ఆస్ట్రప్, సీషో, సైమన్ అనే పరిశోధకులు పెనంబ్రా అన్నారు.

ప్రసరణ 10 మిల్లీలీటర్ల కంటే తగ్గితే పరిస్థితి తారుమారవుతుంది. సోడియంను బయటికీ పొటాషియంను లోపలికీ తోడే పంపులు ఏటీపీ లేక ఆగిపోతాయి. సోడియం వెంట నీరు చొరబడి కణం ఉబ్బుతుంది. మామూలప్పుడు కణాల మధ్య కబురు మోసే గ్లూటమేట్ అదుపు తప్పి బయటికి పొంగి, పొరుగు కణాల్లోకి కాల్షియం వెల్లువెత్తేలా చేస్తుంది. ఆ కాల్షియం ప్రేరేపించిన ఎంజైములు కణాన్ని లోపలి నుంచే కొరికేస్తాయి. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే: మెదడును దెబ్బతీసేది దాని సొంత రసాయనమే.

గ్లూటమేట్‌ను అడ్డుకునే మందులు జంతువుల్లో ఫలించినా మనుషుల్లో విఫలమయ్యాయి. కాబట్టి రక్తాన్ని తిరిగి పారించడమే దారి. పెద్ద రక్తనాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు (నాడీ కణాలు) నశిస్తాయని 2006లో ఒక అంచనా వెలువడింది; ఆ లెక్కన పంజగుట్ట ట్రాఫిక్‌లో అంబులెన్స్ ఇరవై నిమిషాలు చిక్కుకుంటే పోయేవి దాదాపు 3 కోట్ల 80 లక్షలు. రక్తనాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అయితే పెనంబ్రా ఎంత మిగిలిందో స్కాన్‌లో చూసి, ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకు రక్తనాళం గుండా తీగ పంపి గడ్డను బయటికి లాగుతున్నారు.