ఇరవై చింతపిక్కల లెక్క

నరసన్నపేట,
శ్రీకాకుళం జిల్లా.

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. విజయనగరంలో మీ ఇంటికి ఒకామె ట్యాబ్ పట్టుకొని వచ్చి, మీ నాన్నను అరగంట కూర్చోబెట్టి, దేశం బాగుపడాలంటే ముందుగా ఏ పని జరగాలి, విదేశాల సాయం మనకు అవసరమా, మనం ఇతర దేశాలకు సాయం చేయడం సబబేనా అని వరసగా అడిగి వెళ్ళిందని రాశారు. వీధి మొత్తానికి మన ఇంటికే వచ్చి, ఇంట్లోనూ ఒక్కరినే అడిగి, దేశం మనసు తెలిసిందని ఎలా అంటారన్నది పెద్దవాడి అనుమానం. తనను ఎందుకు అడగలేదన్నది చిన్నదాని కోపం. పైగా దసరా సెలవుల్లో మీ వీధిలో మీరే అలాంటి సర్వే ఒకటి చేయాలనుకొని, ప్రశ్నల కాగితం నాకు పంపారు. ఉద్యోగపు రోజుల్లో నేను ఇలాంటి సర్వేల కోసమే ఈ రెండు జిల్లాల ఊళ్ళు తిరిగినవాణ్ణి కనుక, జవాబు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

చిన్నదాని సంగతి ముందు తేల్చేస్తాను. ఇలాంటి సర్వేల్లో సాధారణంగా 18 ఏళ్ళు నిండినవాళ్ళనే అడుగుతారు. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు తల్లీ.

పెద్దవాడి అనుమానం అంత తేలిగ్గా తీరేది కాదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. అది అన్నానికి సరిపోతుంది కానీ, మీ నాయనమ్మ కాచే చోడి (రాగి) అంబలికి సరిపోదు. కలపకుండా పైనున్న తేటను గరిటెతో తీసి రుచి చూస్తే అంబలి పల్చగా ఉందంటాం, అడుగున మాత్రం పిండి పేరుకొని ఉంటుంది. బాగా కలిపి తీస్తే ఇంట్లో కుండకైనా, పెళ్ళివారి గుండిగకైనా ఒక్క గరిటె చాలు. సర్వేలో కలపడమంటే, ప్రతి ఇంటికీ ఎంపికయ్యే అవకాశం ఉండేలా చీటీలు వేసి ఇళ్ళను తీయడం, ఇంట్లో ఎవరిని అడగాలో కూడా చీటీతోనే తేల్చడం. అలా నిష్పక్షపాతంగా తీసిన వెయ్యిమందిని అడిగితే, వచ్చిన శాతం అసలు శాతానికి నూటికి తొంభై అయిదు సార్లు అటూ ఇటూ మూడు శాతం లోపే ఉంటుందని గణితం చెబుతుంది. అడగాల్సింది ఒక జిల్లానా, దేశమంతానా అన్నదానివల్ల ఈ లెక్క దాదాపుగా మారదు. మొదట్లో నేనూ నమ్మలేదు.

కలపకుండా తీస్తే ఎంత పెద్ద గరిటె అయినా మోసమే చేస్తుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటిమందికి కార్డులు పంపి, తిరిగి వచ్చిన దాదాపు 24 లక్షల జవాబులను లెక్కపెట్టి రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని రాసింది. ఆయన ఘనంగా గెలిచాడు. కార్డులు ఎక్కువగా వెళ్ళింది టెలిఫోన్లూ మోటారు కార్లూ ఉన్నవాళ్ళ చిరునామాలకు, అందులోనూ తిరిగి రాసే తీరికా పట్టుదలా ఉన్నవాళ్ళే జవాబిచ్చారు. మన కాలంలో ఐక్యరాజ్య సమితి 2013 నుంచి 2015 వరకు ‘మై వరల్డ్’ పేరుతో ప్రపంచమంతటా ఒక సర్వే నడిపింది. పదహారు అవసరాల జాబితా ఇచ్చి, మీకూ మీ కుటుంబానికీ ముఖ్యమైనవి ఆరు ఎంచుకోమంది. దాదాపు 97 లక్షల మంది పాల్గొన్నారు. మంచి చదువు అన్నిటికంటే పైన నిలిచింది, వాతావరణ మార్పుపై చర్య పదహారో స్థానంలో మిగిలిపోయింది. 2015 సెప్టెంబరులో ప్రపంచ దేశాలు పదిహేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించే ముందు ఆ జవాబులూ వాళ్ళ బల్లమీద ఉన్నాయి. అంతమందిని పలకరించడం గొప్ప పనే. అయితే అందులో చేరినవాళ్ళు చీటీలో వచ్చినవాళ్ళు కారు, ఎవరికి వారు ముందుకొచ్చినవాళ్ళు, చాలామంది కుర్రకారు. అందుకని దాన్ని ప్రపంచపు గొంతు అనే కంటే పిలిస్తే పలికినవాళ్ళ గొంతు అనడం నాకు న్యాయంగా తోస్తుంది. ప్రపంచ బ్యాంకు తాను పనిచేసే దేశాల్లో చేయించే అభిప్రాయ సర్వేలు మళ్ళీ ఇంకో తరహావి. అవి ఎక్కువగా అధికారులనూ, స్థానిక సంస్థలనూ, స్వచ్ఛంద సంస్థలనూ, పత్రికలవాళ్ళనూ, వ్యాపారులనూ అడుగుతాయి. వాటి ఫలితాలను ఎవరైనా ‘ప్రజాభిప్రాయం’ అని రాస్తే, ఏ ప్రజలని అడగండి.

మన ప్రాంతంలో కలపడం ఎంత కష్టమో నాకు తెలిసినంత ఆ గణితానికి తెలియదు. మన తీరంలోని మత్స్యకారుల ఊళ్ళకు వేట సాగే నెలల్లో వెళితే, ఇళ్ళలో ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ పిల్లలే కనిపిస్తారు. మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవలమీద ఉంటారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్న మన జాలరులు అలా వెళ్ళినవాళ్ళే. ఉన్న ఊళ్ళోనే జెట్టీ ఉంటే ఇల్లు విడిచి వెళ్ళనక్కరలేదని చెప్పవలసినవాళ్ళు మేం వెళ్ళిన రోజున ఊళ్ళో లేరు. ‘తలుపు తాళం’ అని రాసుకొని పక్కింటికి వెళ్ళేవాళ్ళం. విశాఖకూ హైదరాబాదుకూ చెన్నైకీ ఇళ్ళ కట్టుబడి పనులకు పోయినవాళ్ళ సంగతీ అంతే. వలస ఎక్కువగా ఉన్న ఊళ్ళో వలసను గురించిన జవాబులు తక్కువగా వచ్చే చిత్రం అక్కడే చూశాను. సీతంపేట కొండల్లో (ఇప్పుడు అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది) సొంత భాష ఉన్న సవర గిరిజనులను తెలుగులో అడిగితే, తెలుగు బాగా వచ్చిన ఒకాయన గుంపు మొత్తానికీ తానే జవాబు చెప్పేవాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ అది ఒక్క మనిషి జవాబు, మా కాగితాల్లో పది ఇళ్ళ జవాబుగా చేరింది.

ఇక ప్రశ్న సంగతి. మీ కాగితంలో మూడో ప్రశ్న, ‘మన దేశం విదేశీ సాయం తీసుకోవాలా?’ అని ఉంది. ‘సాయం’ అన్న మాట వినగానే ఎవరి మనసులో ఏముందో చూడండి. మన ఊళ్ళలో చేబదులు వేరు, వడ్డీకి అప్పు వేరు, ఊరికే ఇచ్చేది వేరు, కళ్ళం పనికి మనిషి వచ్చి నిలబడటం వేరు. నా తరం వాళ్ళకు విదేశీ సాయమంటే బడిలో పెట్టిన గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి పాలు గుర్తొస్తాయి. అమెరికా నుంచి గోధుమలు ఓడల్లో వచ్చిన కాలం అది. 1990ల్లో విజయనగరం జిల్లా ప్రాథమిక బడుల పథకానికి బ్రిటన్ ప్రభుత్వం నిధులిచ్చింది. 2000లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం ‘వెలుగు’ అప్పటి రాష్ట్రంలోని ఆరు జిల్లాలకు వస్తే అందులో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి, దాని వెనక ఉన్నది ప్రపంచ బ్యాంకు అప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన తరువాతి ఏడాది అదే బ్యాంకు 25 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదీ అప్పే, తిరిగి కట్టవలసిందే. వీధిలో మాత్రం అన్నిటికీ ఒకటే పేరు, ‘ప్రపంచ బ్యాంకు డబ్బు’. కనుక మీ ప్రశ్నను రెండుగా విడగొట్టండి. తిరిగి ఇవ్వనక్కరలేని సొమ్మును తీసుకోవాలా అని ఒకటి, తక్కువ వడ్డీకి అప్పు తీసుకోవాలా అని ఒకటి. జవాబులు ఒకలా రావని నేను పందెం కాస్తాను.

నాలుగో ప్రశ్న, ‘మనకే పేదరికం ఉండగా మనం ఇతర దేశాలకు సాయం చేయడం అవసరమా?’ అన్నది ఎవరు రాశారో గాని, అది ప్రశ్న కాదు, జవాబు. అలా అడిగితే అక్కరలేదని తప్ప ఇంకేమంటారు? మన దేశం 1964 నుంచి ఐటెక్ అనే కార్యక్రమం కింద ఇతర దేశాల ఉద్యోగులకు శిక్షణ ఇస్తోంది. 2015 నేపాల్ భూకంపం తరువాత 100 కోట్ల డాలర్లు ప్రకటించింది, అందులో పావు వంతు ఉచితం, మిగతాది అప్పు. 2003లో, అప్పటిదాకా మనకు సాయం చేస్తున్న దేశాల్లో చాలావాటికి ఇకపై నేరుగా మాకు అక్కరలేదని మర్యాదగా చెప్పింది కూడా. ఈ సంగతులన్నీ ముందు చెప్పి అడిగితే ఒక జవాబు, పేదరికం మాట ఎత్తి అడిగితే ఇంకో జవాబు. ఏమీ చెప్పకుండా అడిగితే మూడో జవాబు వస్తుంది, నా మట్టుకు నేను అలాగే అడుగుతాను.

తెలియక చెప్పే జవాబులూ ఉంటాయి. అమెరికాలో ప్రభుత్వ బడ్జెట్‌లో ఎంత భాగం విదేశాలకు సాయంగా పోతోందని అడిగినప్పుడల్లా జనం చెప్పే అంచనాల సగటు పావు వంతు దరిదాపుల్లో ఉంటుంది. అసలు లెక్క నూటికి ఒకటి చుట్టుపక్కల ఉంటూ వచ్చింది. ఆ అసలు లెక్క చెప్పి మళ్ళీ అడిగితే, మరీ ఎక్కువ ఖర్చు పెడుతున్నామనేవాళ్ళ సంఖ్య తగ్గుతుంది. వాళ్ళను చూసి మనం నవ్వుకోనక్కరలేదు. మన రాష్ట్ర బడ్జెట్ ఎంతని అడిగితే మన వీధిలో ఎందరు చెప్పగలరు? అందుకే ‘ఎక్కువా, తక్కువా’ అని అడిగే ముందు, ‘ఎంత అనుకుంటున్నారు’ అని అడగడం మంచిది.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ఉద్దానంలో ఒక ఊళ్ళో ఒకావిణ్ణి, మీ ప్రాంతానికి అన్నిటికంటే ముందు ఏం కావాలని అడిగాను. ముందు అందరిలాగే ‘మాకేటి తెలుస్తాది బాబూ’ అంది. అది మన పల్లెల్లో మర్యాద, జవాబు కాదు. ‘తెలియదు’ అన్నవి ఎక్కువైతే పైవాళ్ళు కోప్పడతారని కొందరు అక్కడే జవాబులు అందించేవాళ్ళు. నేను మాత్రం ఊరుకొని కూర్చున్నాను. కాసేపటికి ఆమే అంది: ‘నీరు బాగుంతే ఆస్పత్రి ఎందుకు బాబూ.’ ఆ ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉన్నాడు. ఉద్దానం కిడ్నీ వ్యాధికి కారణం ఇదీ అని వైద్యులు ఇంకా తేల్చలేదు గాని, ఊళ్ళవాళ్ళ అనుమానం మొదటినుంచీ నీటిమీదే. నా కాగితంలో ‘తాగునీరు’ ఒక గడి, ‘వైద్యం’ ఇంకో గడి, రెంటిలో ఒకదానికే టిక్కు పెట్టాలి. నేను తాగునీటికి పెట్టాను. పక్క ఊళ్ళో నాతోటి ఉద్యోగి ఇలాంటి జవాబులనే వైద్యం కింద రాసుకున్నాడు. లెక్కలు కూడినప్పుడు ఒక ఊరు నీళ్ళు కోరినట్టు, దాని పక్క ఊరు ఆస్పత్రి కోరినట్టు తేలింది. రెండు ఊళ్ళూ చెప్పిన మాట ఒకటే, తేడా మా ఇద్దరి కలాలది. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి ఉద్దానానికి మంచినీళ్ళు తెచ్చే పథకమూ, పలాసలో కిడ్నీ ఆస్పత్రీ కలిసి మొదలైనప్పుడు నాకు ఆ కాగితమే గుర్తొచ్చింది.

ఇలాంటి పొరపాట్లు పట్టుకోవడానికి మన దేశంలోనే ఒక మంచి ఉపాయం పుట్టింది. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలవడానికి మూలపురుషుడైన పి.సి. మహలనోబిస్, ఒకే ప్రాంతంలో రెండు వేరువేరు నమూనాలు తీయించి, వాటిని వేరువేరు బృందాలతో అడిగించి, రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి ప్రవేశపెట్టాడు. రెండూ బాగా తేడా వస్తే లోపం జనంలో కాదు, అడిగే పనిలో ఉందేమోనని వెతుకుతారు. మీరిద్దరూ కలిసి తిరగకుండా, వీధిలో ఇళ్ళను చీటీలు వేసి రెండు వాటాలు చేసుకొని విడిగా తిరగండి. దానితో సర్వేకూ మేలు, మీ ఇద్దరి మధ్యా తగువు ఉండదు.

ఎప్పుడు అడుగుతున్నామన్నదీ రాసి పెట్టుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరీ జీడిమామిడీ తోటలను ఒక్క రాత్రిలో పడగొట్టింది. ఆ ముందు నెలలో అడిగి ఉంటే తుపాను మాట ఎందరు ఎత్తేవారో అనుమానమే, ఆ తరువాతి నెలలో ఇంకో మాట ఎత్తేవారు కాదు. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, జనం మాటల్లో తుపాను అంతకాలం నిలవదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. చదువు ముఖ్యమా అంటే అవునంటారు, రోడ్లు ముఖ్యమా అంటే అవునంటారు, పదహారు అడిగినా పదహారూ ముఖ్యమే. దేని కోసం దేన్ని వదులుకుంటారో అడిగితేనే మనిషి ఆలోచనలో పడతాడు. దీనికి పల్లెల్లో మేం చింతపిక్కలు వాడేవాళ్ళం. బడి, ఆస్పత్రి, కాలువ, రోడ్డు, పని, నీళ్ళు అని నేలమీద ముగ్గుతో బొమ్మలు గీసి, ఇరవై పిక్కలు చేతికిచ్చి, ఇదే మీ డబ్బంతా, పంచండి అనేవాళ్ళం. చదువు రాని ముసలమ్మ కూడా ఒక బొమ్మ మీంచి రెండు పిక్కలు తీసి ఇంకో బొమ్మమీద పెట్టి, మళ్ళీ ఒకటి వెనక్కి తీసుకొని, కోడలి మొహం చూసి, మళ్ళీ పెట్టేది. మగవాళ్ళను వేరుగా, ఆడవాళ్ళను వేరుగా కూర్చోబెట్టిన రోజున, ఒకే ఇంటి పిక్కలు రెండు చోట్ల రెండు రకాలుగా పడటం చూశాం. మగవాళ్ళ ముగ్గులో రోడ్డుమీద కుప్ప పడితే, ఆడవాళ్ళ ముగ్గులో నీళ్ళమీద పడింది. టిక్కుల కాగితంతో ఇది ఎన్నటికీ బయటపడేది కాదు. మీ ప్రశ్నల కాగితాన్ని పారేయమనడం లేదు, దాని చివర ఈ పిక్కల ఆట చేర్చండి. పిక్కలు నేను సంచిలో కట్టి పంపుతున్నాను.

పంపేముందు మీ నాయనమ్మమీద ఒకసారి పరీక్షించి చూశాను. ఆరు బొమ్మలూ గీసి ఇరవై పిక్కలు ఇచ్చాను. నీళ్ళకు ఆరు, బడికి అయిదు, ఆస్పత్రికి నాలుగు, పనికి రెండు పెట్టి, మిగిలిన మూడూ కొంగున ముడి వేసుకుంది. రోడ్డుకూ కాలువకూ ఏమీ పెట్టలేదేమని అడిగితే, వాటికి ఓట్లవాళ్ళున్నారంది. మరి ఆ మూడు పిక్కలు ఎవరికని అడిగితే, రేపు తుపాను వస్తే ఎవరి ఇంటికి వెళ్ళి అడుగుతామంది. మీ కాగితంలో దానికి గడి లేదు. గడి పెడతారో, ‘ఇతరములు’ అని రాసుకుంటారో ఇద్దరూ ఆలోచించి, సెలవులు వచ్చేలోపు నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య