కోస్తా సైకిల్ యాత్ర విడతలుగ పోండ్రి

పిల్లలూ,

మీరు పంపిన మ్యాప్ చూసిన. నల్గొండల బయల్దేరి మిర్యాలగూడ, వాడపల్లి, గుంటూరు మీదుగ బాపట్ల, ఆడికెల్లి ఒడ్డు పట్టుకొని కాకినాడ దాక, అదీ దసరా సెలవులల్ల ఒక్క ఊపుల పోతరంట. వద్దనను. కానీ గిట్ల కాదు.

ముందుగాల దసరా మాట మర్శిపోండ్రి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాక బంగాళాఖాతంల తుఫాన్ల కాలం, 1977 నవంబర్ల దివిసీమకు వచ్చిన ఉప్పెన సంగతి మీ నానమ్మనడగండ్రి చెప్తది. సంక్రాంతికి ముందు పోదామంటే రైళ్లల్ల కాలు పెట్టే జాగుండదు, హైదరాబాద్‌ల ఉన్న ఆంధ్రోళ్లంతా అటే పోతరు. పండుగ అయిపోయినంక, జనవరి ఆఖరున పోండ్రి. అప్పుడు గాలి ఎక్కువగ ఈశాన్యం దిక్కు నుంచి వస్తది, ఒడ్డు కూడా ఈశాన్యం నుంచి నైరుతికే ఉంటది కాబట్టి కాకినాడ దిక్కు నుంచి ఒంగోలు దిక్కు దిగితే గాలి వీపున ఉంటది, మీరు గీసినట్టు కిందికెల్లి పైకి పోతే రోజంతా మొఖానికి కొడ్తది.

ఇగ అసలు ముచ్చట. 216 నంబర్ నేషనల్ హైవే కత్తిపూడి నుంచి ఒంగోలు దాక ఒడ్డుకు దగ్గర్లనే పోతది. దాని మీద కాకినాడ, నర్సాపురం, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల, ఒంగోలు, అన్నిట్ల రైల్వే స్టేషన్ ఉంది. విడత అనేది మీ కాళ్ల బలం చూసి కాదు, స్టేషన్ చూసి తెంపాలె. ఎవరికన్న జరమొచ్చినా, చక్రం వంగినా, కాలేజీల పరీక్ష పెట్టినా ఆడికాడికి ఆపి రైలెక్కొచ్చు, మళ్ల వీలైనప్పుడు అదే ఊర్ల దిగి అందుకోవచ్చు.

నన్నడిగితే మొదటి విడత నర్సాపురం నుంచి రేపల్లె దాక. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ మన నల్గొండ మీదుగనే పోతది. సైకిళ్లు బ్రేక్ వ్యాన్ల, అంటే రైల్ల సామాన్లేసే డబ్బాల వెయ్యాలె, మన స్టేషన్ల ఎక్కించుకుంటరో సికింద్రాబాద్ పోవాల్నో పార్సిల్ ఆఫీసుల ముందే అడుగుండ్రి. బందర్ల రాత్రి ఆగి, తెల్లారి అవనిగడ్డ దగ్గరున్న పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటితే రేపల్లె. కాకినాడ, యానాం, అమలాపురం వేరే విడత పెట్టుకొని నర్సాపురంలనే ముగించండ్రి, ఇంటికి సీదా బండి ఉంటది. ఆ విడతల వశిష్ట గోదావరి దాటనీకి చించినాడ వంతెన ఉంది గానీ, మీరు సఖినేటిపల్లి రేవుల పంటు, అంటే బండ్లు గూడ ఎక్కించే పెద్ద పడవ ఎక్కండ్రి, సైకిళ్లతోటి మోటర్ సైకిళ్లతోటి జనంతోటి నది దాటుడు వేరే. వరదొస్తే ఆపేస్తరు, జనవరిల ఆ బాధ లేదు.

హైవే అంటే పక్కన సముద్రం కనపడ్తదనుకునేరు. శానా మటుకు కనపడదు, చేపల చెరువులు, వరి చేన్లు, లారీలు కనపడ్తయి. అలలు చూడాలంటే పక్కకు మళ్లాలె, అంతర్వేది, మంగినపూడి, సూర్యలంక గిట్ల. బాపట్ల నుంచి సూర్యలంకకే పోనురాను గంటకు పైనే. ఈ అడ్డరోడ్లను కూడా లెక్కల వేసుకోండ్రి, మీ మ్యాప్‌ల అవి లేవు.

నేల చదునుగుంటది, అల్కగ తొక్కొచ్చు అని మురవకండ్రి. మన దిక్కు గడ్డ ఎక్కితే తర్వాత దిగుడుంటది, తొక్కుడు ఆపి లేచి నిలబడొచ్చు, పిర్రలకు గాలాడ్తది. ఆడ దిగుడే లేదు, పొద్దంత తొక్కుతనే ఉండాలె, కాళ్లకంటే ముందు కూసునే కాడ పుండు పడ్తది. పది కిలోమీటర్లకొకసారి దిగి నడువుండ్రి. చెమట కూడా మన దగ్గర లెక్క ఆరదు, ఉక్కపోత, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండ్రి.

బీచ్‌కు పోయొచ్చిన రోజు రాత్రి చైన్ చూసుకోకుండ పండుకోవద్దు. పొడి బట్టతోటి ఇసుక తుడిచి, మంచినీళ్లు పోసి, ఆరినంక పెడల్ ఎనకకు తిప్పుకుంట లింకు లింకుకు ఒక్క చుక్క నూనె, తర్వాత పైనున్న నూనంత తుడిచెయ్యాలె, ఎక్కువైతే తెల్లారేసరికి మళ్ల ఇసుకే పట్టుకుంటది. ఉప్పు గాలికి తుప్పు పట్టుడు రెండు రోజుల పని.

యాత్రకు పోయే ముందు బ్యాగులన్ని కట్టుకొని ఒకసారి సాగర్ దాక పోయి రాండ్రి, బరువుతోటి బ్రేకులు ఎట్ల పడ్తయో తెలుస్తది. మీ బాపుతోటి నేను మాట్లాడ్త, మీరైతే ముందు పార్సిల్ ఆఫీసుకు పోయి రాండ్రి.

మీ పెదనాయన