రుద్రేశ్ మహంతప్ప శాక్సఫోన్ వెనుక కథ: జాజ్‌లోకి గమకం వచ్చిన దారి

2004లో అమెరికాలో ‘మదర్ టంగ్’ అనే జాజ్ ఆల్బం విడుదలైంది. అందులో ఒక ట్రాక్ పేరు ‘తెలుగు’. దానితో పాటు కన్నడ, తమిళం, గుజరాతీ, కొంకణి, మలయాళం పేర్లతోనూ ట్రాక్‌లున్నాయి. వీటిని రాసి వాయించింది ఆల్టో శాక్సఫోన్ కళాకారుడు, బ్యాండ్ లీడర్ రుద్రేశ్ మహంతప్ప. ‘నీకు ఇండియన్ వచ్చా?’, ‘హిందూ మాట్లాడతావా?’ అని అమెరికాలో మనవాళ్లను అడిగేవాళ్లు అప్పట్లో చాలామంది. రుద్రేశ్ ఆ ప్రశ్నలనే భారతీయ మూలాలున్నవారికి వేసి, తమ తమ భాషల్లో జవాబు చెప్పమన్నారు. ఆ జవాబులను రికార్డు చేసి, గొంతు ఎక్కడ లేస్తోంది, ఎక్కడ దిగుతోంది, ఎక్కడ ఆగుతోంది అన్నది స్వరాల్లో రాసుకున్నారు. మాటల్లోని ఆ నడకతోనే బాణీలు కట్టారు.

ఇంత పని ఎందుకు పెట్టుకున్నారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

రుద్రేశ్ 1971లో ఇటలీలోని ట్రియెస్టెలో పుట్టారు. అమ్మానాన్నలది కర్ణాటక. తండ్రి భౌతికశాస్త్ర ప్రొఫెసర్. పెరిగింది అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్ పట్టణంలో. చిన్నప్పుడు వినింది గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్, డేవిడ్ శాన్‌బోర్న్ లాంటి శాక్సఫోన్ కళాకారులను. ఆ తర్వాత జాజ్ ఆల్టో శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ సంగీతం చేతికి చిక్కింది, ఇక అదే లోకం. కర్ణాటక సంగీతం నేర్చుకున్నదే లేదు. అయినా పేరు చూసి, ముఖం చూసి, ఈయనకు రాగాలు పుట్టుకతో వచ్చి ఉంటాయని చుట్టూ ఉన్నవాళ్లు అనుకునేవారు. ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇదొక పెద్ద టెన్షన్. తను ప్రాణం పెట్టి నేర్చుకున్న సంగీతాన్ని వదిలేసి, తనకు రాని సంగీతాన్ని తన నుంచి ఆశిస్తున్నారు.

ఆ ఆశకూ ఒక చరిత్ర ఉంది. జాజ్ శాక్సఫోన్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్ 1961 నవంబరులో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ‘ఇండియా’ అనే తన రచన వాయించారు. రవిశంకర్ మీద గౌరవంతో 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నారు. 1967లో కన్నుమూసేదాకా భారతీయ సంగీతం మీద ఆయన ధ్యాస పోలేదు. లండన్‌లో జమైకాకు చెందిన ఆల్టో కళాకారుడు జో హారియట్, కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్ కలిసి 1960ల నడుమ ‘ఇండో జాజ్’ మొదలుపెట్టారు. ఐదుగురు జాజ్‌వాళ్లు, ఐదుగురు భారతీయ సంగీతం వాయించేవాళ్లు ఒకే వేదిక మీద. ఆ తర్వాత 1970ల్లో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ వాళ్ల ‘శక్తి’ బృందం వచ్చింది. ఇవన్నీ గొప్ప ప్రయత్నాలే. కానీ ‘శక్తి’ని పక్కన పెడితే చాలా రికార్డుల్లో రెండు సంగీతాలు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోనట్టు ఉంటాయని నా అభిప్రాయం. తంబుర శ్రుతి ఒకవైపు మోగుతుంది, డ్రమ్స్ తమ దారిన తాము పోతుంటాయి. వీటి తర్వాత ఇలాంటి కలగలుపు సంగీతానికి ‘ఫ్యూజన్’ అన్న పేరు స్థిరపడింది. భారతీయ పేరున్న ఎవరు జాజ్ వాయించినా ఆ మాటే అంటగట్టారు.

రుద్రేశ్ కథ మలుపు తిరిగింది ఒక ఆటపట్టింపు వల్ల. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదువుతున్నప్పుడు వాళ్లన్నయ్య తమాషాగా ఒక రికార్డు తెచ్చి ఇచ్చారు. దాని పేరు ‘శాక్సఫోన్ ఇండియన్ స్టైల్’, వాయించింది కద్రి గోపాల్‌నాథ్. నవ్వుకోవడానికి ఇచ్చిన ఆ రికార్డు విని తమ్ముడు ఉలిక్కిపడ్డారు.

కద్రివారిది మంగళూరు ప్రాంతం. 1949లో పుట్టారు. తండ్రి నాదస్వర విద్వాంసులు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని మనసు పారేసుకున్నారు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చుతూ పలికించడానికి ఈ వాయిద్యం ఏమాత్రం అనువైనది కాదు. వీణ మీద తీగను లాగి స్వరాన్ని ఊపవచ్చు, వయొలిన్ మీద వేలు జార్చవచ్చు. శాక్సఫోన్‌కు ఉన్నవి మీటలు. ఒక మీట నొక్కితే ఒక స్వరం, అంతే. రెండు స్వరాల నడుమ జారాలంటే పెదవుల బిగువుతో, ఊపిరితో, మీటను సగం నొక్కి పట్టడంతో సాధించాలి. తోడి, భైరవి లాంటి రాగాల్లో స్వరం నిలబడి ఉండదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఈ ఇత్తడి గొట్టంలోంచి రాబట్టడానికి కద్రివారు ఏళ్ల తరబడి సాధన చేశారు, వాయిద్యంలోనూ కొన్ని మార్పులు చేయించుకున్నారు. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో కాలిఫోర్నియా శాక్సఫోన్ కళాకారుడు జాన్ హ్యాండీ ఆయన్ని విని, తనూ వేదికెక్కి వాయిస్తానని అడిగారట. 1994లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో, ఏటా జరిగే బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవంలో కచేరి చేశారు. కర్ణాటక సంగీత విద్వాంసుల్లో ఆ అవకాశం మొదట దక్కింది ఆయనకే.

రుద్రేశ్ ఆ రికార్డు విన్న వెంటనే కద్రివారి దగ్గరికి పరిగెత్తలేదు. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ ఓపికే. షికాగోలోని డీపాల్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేశారు. 1990ల్లో శాక్సఫోన్ కళాకారుడు స్టీవ్ కోల్‌మన్ ద్వారా పియానో కళాకారుడు విజయ్ అయ్యర్ పరిచయమయ్యారు. ఒకే వయసు, ఒకే చిక్కు, ఇద్దరికీ లెక్కలంటే ఇష్టం. ఒకరికొకరు దొరకడమే ఇద్దరికీ పెద్ద అండ అయింది. తర్వాత రుద్రేశ్ న్యూయార్క్ చేరారు. ‘బ్లాక్ వాటర్’ (2002), ‘మదర్ టంగ్’, గూఢలిపి శాస్త్రం ఆధారంగా కట్టిన ‘కోడ్‌బుక్’ (2006), విజయ్‌తో జంటగా చేసిన ‘రా మెటీరియల్స్’ (2006) వరసగా వచ్చాయి. వీటిలో వాయిద్యాలు జాజ్‌వే. తాళాల అల్లికలోనూ స్వరాన్ని వంచే తీరులోనూ మాత్రం కొత్తదనం కనిపిస్తుంది.

న్యూయార్క్‌లోని ఆసియా సొసైటీ అండతో 2005లో కద్రి గోపాల్‌నాథ్, రుద్రేశ్ చేతులు కలిపారు. ఆ బృందంతో చేసిన ‘కిన్స్‌మెన్’ 2008లో విడుదలైంది. రెండు ఆల్టో శాక్సఫోన్లు, వయొలిన్, మృదంగం, గిటార్, బేస్, డ్రమ్స్. మృదంగం పూవలూరు శ్రీజి. వయొలిన్ మన విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారి. ఇవటూరి విజయేశ్వరరావుగారి దగ్గర నేర్చుకుని, ఎం.ఎల్.వసంతకుమారిగారి కచేరీలకు ఏళ్ల తరబడి పక్కన కూర్చున్న విదుషీమణి ఆవిడ. 2016 సంవత్సరానికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి పురస్కారం అందుకున్నారు. అమెరికా జాజ్ విమర్శకులు అంతగా మెచ్చుకున్న ఈ రికార్డులో విజయనగరం బాణీ ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

ఈ కలయికలో అసలు చిక్కు శ్రుతి దగ్గర వస్తుంది. మన సంగీతం ఒకే ఆధార షడ్జం (‘స’) మీద, ఎంచుకున్న రాగం గీసిన గీత దాటకుండా నడుస్తుంది. జాజ్‌లో కింద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) మారుతూ ఉంటాయి, నేల కదులుతూ ఉంటుంది. ఎవరో ఒకరు తల వంచితే తప్ప పొసగదని అనిపిస్తుంది. ‘కిన్స్‌మెన్’లో ఎవరూ తల వంచలేదు. పెద్ద రచనల నడుమ గిటార్‌కు, వయొలిన్‌కు, కద్రివారికి చిన్న చిన్న ఆలాపనలు ఇచ్చారు. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడి, తర్వాత అందరూ కలిసే చోటికి వస్తారు. రెండు శాక్సఫోన్లూ ఎదురెదురుగా వాయిస్తుంటే పార్కర్ పెట్టిన వేగం ఒకరిలో, నాదస్వరం నుంచి వచ్చిన గాంభీర్యం ఇంకొకరిలో స్పష్టంగా వినిపిస్తాయి. కాసేపటికి ఆ గుర్తులు ఒకరివి ఒకరికి అంటుకుంటాయి.

రుద్రేశ్ ఒక్కచోట ఆగలేదు. కరాచీలో పుట్టిన గిటారిస్టు రెజ్ అబ్బాసీ, తబలా నేర్చిన డ్రమ్మర్ డాన్ వైస్‌తో ‘ఇండో-పాక్ కోయలిషన్’ అనే ముగ్గురి బృందం పెట్టారు. షికాగో జాజ్‌లో పేరున్న పెద్దాయన బంకీ గ్రీన్‌తో ‘ఎపెక్స్’ (2010) చేశారు. 2013లో వచ్చిన ఆల్బంకు ఏకంగా ‘గమక్’ అనే పేరు పెట్టారు. అప్పటికి ఎవరికీ ఏదీ నిరూపించుకోవాల్సిన అవసరం ఆయనకు లేదు.

నా లెక్కలో ఈ ప్రయాణానికి నిజమైన ఫలితం ‘బర్డ్ కాల్స్’ (2015). ఇందులో మృదంగం లేదు, వయొలిన్ లేదు. ట్రంపెట్, పియానో, బేస్, డ్రమ్స్, శాక్సఫోన్. చార్లీ పార్కర్ బాణీల్లోంచి, సోలోల్లోంచి ముక్కలు తీసుకుని కొత్త రచనలు చేశారు. పార్కర్ ‘నౌస్ ది టైమ్’లోంచి ‘మేబీ లేటర్’, ‘డెక్స్‌టెరిటీ’లోంచి ‘బోత్ హ్యాండ్స్’ పుట్టాయి. పార్కర్ పాటను యథాతథంగా ఎక్కడా వాయించరు. అయినా ప్రతి మలుపులోనూ పార్కర్ ఉన్నారు, స్వరం వంగే ప్రతిచోటా కద్రివారూ ఉన్నారు. ఫ్యూజన్ అని పిలవడానికి ఇక్కడ అతుకు కనిపించదు.

2016 నుంచి రుద్రేశ్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జాజ్ విభాగానికి డైరెక్టర్. డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక విమర్శకుల ఓటింగ్‌లో ఉత్తమ ఆల్టో కళాకారుడిగా పలుమార్లు నిలిచారు. కద్రి గోపాల్‌నాథ్ 2019 అక్టోబరులో కన్నుమూశారు. కొత్తగా వినాలనుకునేవాళ్లు ముందు ‘కిన్స్‌మెన్’ వినండి, అందులో మన చెవికి పట్టుకొమ్మలు చాలా దొరుకుతాయి. ఆ వెంటనే ‘బర్డ్ కాల్స్’. ‘మదర్ టంగ్’లోని ‘తెలుగు’ ట్రాక్ మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు వినండి, రెండోసారికి మాట నడక పట్టుబడుతుంది.