లాప్‌టాప్ పక్కనున్న ఆ సన్న సందు దేనికి? స్మార్ట్ కార్డ్ రీడర్ మీద అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో నాది లాప్‌టాప్ రిపేర్ల షాపు. డిజిటల్ సంతకాల టోకెన్లు సెట్ చేసిచ్చే పని కూడా చేస్తాను. హైదరాబాద్ కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు, లెనోవో థింక్‌ప్యాడ్‌లు మా దగ్గరికి బాగా వస్తాయి. వాటిలో కొన్నింటికి పక్కన ఏటీఎం కార్డు వెడల్పున ఒక సన్నటి సందు ఉంటుంది. అదే స్మార్ట్ కార్డ్ రీడర్, అంటే చిప్ ఉన్న కార్డును చదివేది. కొనేవాళ్లు దాన్ని వేలితో తడిమి చూసి అడిగే ప్రశ్నలే ఈ పోస్టుకు కారణం.

అపోహ: అందులో ఏటీఎం కార్డు పెట్టి పైసలు పంపొచ్చు.

"అన్నా, గీ సందుల కార్డు పెడితే ఫోన్‌పే లెక్క పైసలు పోతయా?" అని దేవరకొండ నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు. పోవు. ఏటీఎం కార్డు చిప్, ఈ రీడర్ రెండూ ఐఎస్ఓ 7816 అనే ఒకే ప్రమాణం మీద నడుస్తాయి కాబట్టి కార్డు సరిగ్గా పడుతుంది, చిప్‌కు కరెంటు కూడా అందుతుంది. కానీ డబ్బు కదలాలంటే అవతల బ్యాంకు ఒప్పుకున్న మెషీన్ ఉండాలి. మీ లాప్‌టాప్ అది కాదు. అలాగని ఊరికే పెట్టి చూడొద్దు. కార్డు నంబరు, గడువు తేదీ లాంటివి పిన్ లేకుండానే చిప్ నుంచి చదవొచ్చు. ఆ లాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో మీకు తెలియదు కదా.

అపోహ: ఆధార్ కార్డు, పాన్ కార్డు పెడితే వివరాలు వస్తాయి.

రావు. వాటిలో చిప్పే లేదు. ప్లాస్టిక్ ఆధార్ కార్డు మీద ఉన్నది క్యూఆర్ కోడ్, అది కెమెరాతో చదివేది. మెమరీ కార్డు సందు కూడా వేరే, చాలా చిన్నది. సిమ్ కార్డు మాత్రం నిజంగా స్మార్ట్ కార్డు జాతిదే. మొదట్లో సిమ్‌లు ఏటీఎం కార్డంత సైజులోనే ఉండేవి.

అపోహ: డిజిటల్ సంతకం వాడాలంటే ఈ సందున్న లాప్‌టాపే కొనాలి.

కాంట్రాక్టర్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. టెండర్లు వేసేందుకు డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) కావాలని, దానికోసం ఈ సందున్న మోడల్‌కు అదనంగా డబ్బు పెడతారు. మన దగ్గర డీఎస్‌సీ దాదాపుగా యూఎస్‌బీ టోకెన్‌లోనే ఇస్తారు. ఆ బొటనవేలంత టోకెన్‌లో స్మార్ట్ కార్డు చిప్పూ, దాన్ని చదివే రీడరూ రెండూ కలిసే ఉంటాయి. యూఎస్‌బీ పోర్టు ఉన్న ఏ మామూలు లాప్‌టాపైనా చాలు, టోకెన్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరి.

మరి ఆ సందు ఎవరికి? ఉద్యోగులకు చిప్ ఉన్న ఐడీ కార్డులిచ్చి, వాటితోనే కంప్యూటర్ తెరవాలనే పెద్ద సంస్థలకు. అమెరికా రక్షణ శాఖ సిబ్బంది కార్డు అలాంటిదే. కార్డు పెట్టాలి, పిన్ కొట్టాలి, అప్పుడే విండోస్ తెరుచుకుంటుంది. ఇది కంపెనీ సర్వర్‌లో ఉన్న ఖాతాలకు పనిచేసే పద్ధతి. ఇంట్లో మామూలు విండోస్ ఖాతాకు ఈ ఏర్పాటు ఉండదు.

ఇదంతా పాతబడిపోయిందనే మాట కూడా నిజం కాదు. ఎస్టోనియా అనే చిన్న దేశంలో 2002 నుంచి జనం చేతిలో చిప్ ఉన్న ఐడీ కార్డు ఉంది. 2005లో ఆ కార్డును రీడర్‌లో పెట్టి స్థానిక ఎన్నికల్లో ఆన్‌లైన్‌లో ఓటు వేశారు.

అపోహ: సందు ఉంటే రీడర్ ఉన్నట్టే.

కాదు. ఒకే బాడీని రకరకాల ఆప్షన్లతో అమ్ముతారు. రీడర్ లేని పీసుల్లో ఆ చోట ఖాళీ ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. కొనేముందు విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి 'స్మార్ట్ కార్డ్ రీడర్స్' అనే పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే వెంటనే రీడర్ కాలిపోయిందని అనుకోవద్దు. కొన్ని మోడళ్లలో బయోస్‌లోనే, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోనే ఆపేసి ఉంటుంది, కొన్నిసార్లు డ్రైవర్ ఉండదు.

లాటిట్యూడ్ కొన్నవాళ్లకు ఇంకో మాట. వాటిలో చాలా మోడళ్లలో వేలిముద్ర, స్మార్ట్ కార్డు రెండింటినీ కంట్రోల్‌వాల్ట్ అనే ఒకే భాగం చూసుకుంటుంది. అందులో లోపాలున్నాయని, అవి వందకు పైగా మోడళ్లలో ఉన్నాయని సిస్కో కంపెనీ భద్రతా విభాగమైన టాలోస్ పరిశోధకులు 2025 ఆగస్టులో బయటపెట్టారు. డెల్ వాటికి అప్‌డేట్లు ఇచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇంటికెళ్లగానే ఆ అప్‌డేట్ వేసుకోండి.

అపోహ: టోకెన్ అంటే పెన్‌డ్రైవే, ఇంకో కాపీ తీసిపెట్టుకోవచ్చు.

టోకెన్ గుచ్చగానే కంప్యూటర్‌లో ఒక డ్రైవ్ కనిపిస్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది. అది డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కోసం పెట్టినది. మీ సంతకం తాళం, అంటే ప్రైవేట్ కీ, చిప్ లోపలే పుడుతుంది, బయటికి రాదు. మీరు ఫైల్ మీద సంతకం పెట్టేటప్పుడు లాప్‌టాప్ ఆ ఫైల్ సారాన్ని ఒక చిన్న లెక్కగా చేసి చిప్‌కు పంపుతుంది. పిన్ సరైనదైతే చిప్ తన లోపలే లెక్క కట్టి, జవాబు మాత్రమే తిరిగిస్తుంది. కీని లాప్‌టాప్ ఎప్పుడూ చూడదు. దీని బలమంతా ఇదే.

అందుకే లాప్‌టాప్ ఫార్మాట్ చేసినా డీఎస్‌సీ పోదు. డ్రైవర్ మళ్లీ వేసుకుంటే చాలు. టెన్షన్ పడాల్సింది పిన్ విషయంలో. వరసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది. ఎన్నిసార్లకు అనేది టోకెన్‌ను బట్టి మారుతుంది. అడ్మిన్ పిన్ ఉంటే తెరవొచ్చు. లేకపోతే టోకెన్‌ను మొదటినుంచి సిద్ధం చేయాలి, అప్పుడు లోపలున్న సంతకం చెరిగిపోతుంది, కొత్త డీఎస్‌సీ కొనాలి. "ఎట్లనన్న తెరువు అన్నా" అని బతిమాలతారు. తెరిచే దారే ఉంటే దొంగకు కూడా ఉండేది.

అపోహ: టోకెన్, పిన్ రెండూ ఆడిటర్ దగ్గరో గుమస్తా దగ్గరో ఉంటే నష్టం లేదు.

దీని గురించి నాకు నిజంగా బాధ ఉంది. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు సేటు టోకెన్ పనిచేయడం లేదని తెచ్చాడు. కొనలో ఊక దుమ్ము అతుక్కుని ఉంది, మెత్తని పొడి బట్టతో తుడిస్తే పనిచేసింది. కానీ టోకెన్ చుట్టూ తెల్ల ప్లాస్టర్ చుట్టి, దాని మీద బాల్‌పెన్నుతో పిన్ రాసి ఉంది: 12345678. కంపెనీ నుంచి వచ్చినప్పటి పిన్నే అది, ఎవరూ మార్చలేదు. మూడేళ్ల డీఎస్‌సీ, రెండేళ్లుగా వేరే వాళ్ల డ్రాయర్‌లో ఉంది. అలాంటి డ్రాయర్లు నేను చూశాను. పదీ పదిహేను టోకెన్లు, ఒక్కోదానికి పేరు, పిన్ రాసిన స్టిక్కర్.

కీ కాపీ కాకుండా చిప్ తయారుచేసినవాళ్లు అంత కష్టపడితే, మనం చిప్పునే చేతిలో పెట్టి పిన్ రాసిస్తున్నాం. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం, 2000లోని 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకునే జాగ్రత్త తీసుకోవాల్సింది ఎవరి పేరున సంతకం ఉందో వాళ్లే. అది చేతులు మారిందని డీఎస్‌సీ ఇచ్చిన సంస్థకు తెలియజేసేదాకా బాధ్యత వాళ్లదే. టోకెన్ పోతే ముందు ఆ సంస్థకు చెప్పి రద్దు చేయించండి.

ఇంకో విషయం, సొంత పేరున వ్యాపారం చేసేవాళ్లకూ, మామూలు భాగస్వామ్య సంస్థలకూ జీఎస్‌టీ రిటర్న్‌కు ఫోన్‌కు వచ్చే ఓటీపీ సరిపోతుంది. డీఎస్‌సీ తప్పనిసరి కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థలకు). అవసరం లేని చోట టోకెన్ ఇచ్చి ఉంటే తిరిగి తెచ్చుకోండి. వాడిన ప్రతిసారీ పని అయిపోగానే టోకెన్ పీకేయండి. పిన్ కొట్టి అలాగే వదిలేస్తే, ఆ కంప్యూటర్‌లో వైరస్ ఉంటే అది అడిగినదానికీ చిప్ సంతకం పెట్టేస్తుంది.

సేటుకు ఇవన్నీ చెప్పి, పిన్ మార్చే విండో తెరిచి ఇచ్చాను. "నువ్వే కొట్టు తమ్మీ, నాకు రాదు" అన్నాడు. నేను కొట్టనన్నాను, అటు తిరిగి నిలబడ్డాను. ఒక్కో వేలితో అంకెలు వెతుక్కుంటూ రెండుసార్లు కొట్టాడు. ప్లాస్టర్ గోటితో గీకి తీసి, టోకెన్‌ను బండి తాళాల గుత్తికి తగిలించుకున్నాడు. ఇప్పుడు సంతకం పెట్టాల్సిన రోజు ఆడిటర్ ఫోన్ చేస్తే, సేటే వెళ్లి పిన్ కొట్టి, టోకెన్ జేబులో వేసుకుని వస్తున్నాడట.