గేర్‌బాక్స్ లీకేజీని ఆపే మందు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే పనిలో ఉన్న నా దగ్గరకు, కారు కింద ఎర్రటి మరక పడుతోందని వచ్చేవారిలో చాలామంది గేర్‌బాక్సు ఆయిల్‌లో కలిపే లీకేజీ మందు సీసా అప్పటికే పోసుకుని వస్తారు.

అపోహ: మందు పోస్తే ఎలాంటి లీకేజీ అయినా ఆగుతుంది.

వాస్తవం: ఈ మందులు ఎక్కువగా చేసే పని ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు ఆయిల్ సీళ్లను కాస్త మెత్తబరచి ఉబ్బించడమే. అమీర్‌పేట, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ వెళ్లే కారులో ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ జారుడు వల్ల ఆయిల్ బాగా వేడెక్కుతుంది. ఏళ్ల తరబడి ఆ వేడి తగిలిన సీలు గట్టిపడి, తిరిగే షాఫ్టు మీద పట్టు వదిలి, చెమ్మ కారుస్తుంది. అలాంటి సన్నటి చెమ్మకు మందు కొంతకాలం పనిచేస్తుంది, ఆ మాట దాచడం న్యాయం కాదు. అయితే అంచు చిరిగిన సీలుకు గానీ, గాడి పడిన షాఫ్టుకు గానీ, రాళ్లు తగిలి పగిలిన, అడుగున ఆయిల్ నిలిచే ప్యాన్‌కు గానీ, రాపిడికి చిల్లుపడిన కూలర్ పైపుకు గానీ అది ఏమీ చేయలేదు.

అపోహ: ఆయిల్ కారుతోందంటే సీలు పోయినట్టే.

వాస్తవం: గేర్‌బాక్సు లోపలి గాలి వేడికి వ్యాకోచించినప్పుడు బయటికి పోవడానికి బ్రీదర్ అనే సన్నని దారి ఉంటుంది. వానాకాలంలో నీరు నిలిచిన రోడ్ల మీది బురద దాన్ని మూసేస్తే, లోపల ఒత్తిడి పెరిగి మంచి సీలు అంచు నుంచి కూడా ఆయిల్ బయటికి వస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయడంతోనే లీకేజీ ఆగిన బండ్లను నేను చూశాను. సీసా ఖర్చు కూడా అక్కరలేని పని అది.

అపోహ: ఒకే మందు అన్ని గేర్‌బాక్సులకూ సరిపోతుంది, ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిది.

వాస్తవం: గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీలో బెల్టు పట్టు, రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులో ఆయిల్‌లో మునిగి ఉండే తడి క్లచ్ పట్టు ఆయిల్ ఘర్షణ గుణం మీదే ఆధారపడతాయి కనుక తయారీదారు అనుమతించనిది కలపకూడదు. మోతాదు మించితే రబ్బరు మరీ మెత్తబడి పాడవుతుంది, లెవెల్ పెరిగి ఆయిల్ నురగ కూడా కడుతుంది.

ముందుగా బండి కింది భాగం కడిగించి, ఆరాక కొంత దూరం నడిపి, చెమ్మ మొదలయ్యే పైచోటును టార్చితో వెతికించండి. ఇంజిన్, గేర్‌బాక్సు కలిసేచోట కారేది ఇంజిన్ ఆయిలే కావచ్చు. గేరు ఆలస్యంగా పడుతున్నా, మాడు వాసన వస్తున్నా బండిని నడుపుకుంటూ రాకండి, టో చేయించి తీసుకురండి. ఆయిల్ తగ్గితే క్లచ్ ప్లేట్లు మాడిపోతాయి.