పెట్టుడు పాదం చేత్తో వంచి చూస్తే తెల్వది, నడిస్తేనే తెలుస్తది (అపోహలు - వాస్తవాలు)

నల్గొండలో కృత్రిమ కాళ్లు పెట్టే పని చేస్తున్న. అందులో పాదాల మీదనే నా ధ్యాస ఎక్కువ, ఏ మనిషికి ఏ పాదం కుదురుతది, ఎక్కడ మెత్తగుండాలె, ఎక్కడ గట్టిగుండాలె, ఎట్ల బిగించాలె అని. దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ నుంచి వస్తరు, పాలమూరు దిక్కు అచ్చంపేట, కల్వకుర్తి నుంచి కూడా వస్తరు. బాయి కాడ స్టార్టర్ షాక్ కొట్టి కాలు పోయినోళ్లు, హైవే మీద యాక్సిడెంట్ అయినోళ్లు, షుగర్‌తో పుండు మానక తీసేయించుకున్నోళ్లు. ఎవరొచ్చినా మొదట చేసే పని ఒక్కటే, టేబుల్ మీదున్న పాదం చేతిలోకి తీసుకుంటరు, బొటనవేలు పట్టి పైకి వంచుతరు, వంగితే "ఇది మంచిగున్నది సారూ, కదులుతున్నది" అంటరు, వంగకపోతే పక్కకు పెడ్తరు. ఆ ఒక్క పని చుట్టూ ఉన్న అపోహలు చెప్పాలనే ఇది రాస్తున్న.

అపోహ: పాదం ఎంత మెత్తగా వంగితే నడక అంత సహజంగా ఉంటది

వాస్తవం: మన సొంత పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటయి. అయితే అన్ని కీళ్లు పెట్టుడు పాదంలో పెట్టినా నడక రాదు. ఎందుకంటే నడకలో అసలు విషయం పాదం కదలడం కాదు, పాదం మీదుగా మనిషి ముందుకు దొర్లడం. ఒకసారి మెల్లగా నడుస్తూ గమనించండి. ముందు మడమ ఆనుతది, దాని గుండ్రం మీద పాదం కిందికి వాలుతది. తర్వాత అరికాలు మొత్తం నేలకు ఆనుతది, అప్పుడు కాలు చీలమండ మీద ముందుకు వంగుతది. చివరికి మడమ లేచి వేళ్ల మొదళ్ల మీదుగా దొర్లి అడుగు వదుల్తది. మూడు చోట్ల మూడు దొర్లుళ్లు, మూడూ తెగకుండా ఒకదాని వెంట ఒకటి రావాలె.

అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీల హాన్సెన్, చైల్డ్రెస్ అనే పరిశోధకులు దీన్ని కొలిచిన్రు. మామూలు మనిషి చదును నేల మీద నడుస్తుంటే చీలమండ, పాదం కలిసి ఒక చక్రం ముక్క లెక్క పనిచేస్తయట, ఆ చక్రం వ్యాసార్ధం కాలి పొడుగుల సుమారు 0.3 వంతు. అంటే తుంటి నుంచి నేల దాకా 85 సెంటీమీటర్లున్న మనిషికి దగ్గర దగ్గర 25 సెంటీమీటర్లు. బండి గిర్రలో ఒక ముక్క కోసి కాలి కింద పెట్టినట్టు అనుకోండి. మనం డిజైన్ చేసేది ఆ ముక్కను. పాదం టేబుల్ మీద ఉన్నప్పుడు దాని షేప్ ఏమిటన్నది నాకు ముఖ్యం కాదు, ఈ మనిషి బరువు దాని మీద పడ్డప్పుడు ఏ వంపు వస్తదన్నదే ముఖ్యం.

చేత్తో ఈజీగా వంగే పాదం మీద 70 కిలోల మనిషి నిలబడితే ముందు భాగం కూలబడిపోతది. అడుగు చివర్ల గుంతల కాలు పడ్డట్టు అయితది, ఆ తూలుకు మంచి కాలు ధబ్ మని నేలకు తగుల్తది. చూసేటోళ్లకు ఇది కుంటు లెక్కనే కనిపిస్తది గాని నాకు అసలు భయం ఆ మంచి కాలి గురించే. షుగర్ ఉన్న మనిషికి మిగిలింది ఆ ఒక్క పాదం, రోజుకు వేల సార్లు దాని మీద దెబ్బ పడుతుంటే ఎట్ల?

అపోహ: ఖరీదైన కార్బన్ పాదం ఎవరికి పెట్టినా మంచిగనే ఉంటది

వాస్తవం: దీని గురించి నా తప్పు ఒకటి చెప్పాలె. కొత్తల్లో నకిరేకల్ దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చింది, 42 కిలోలు. ఎవరో దానంగా ఇచ్చిన కార్బన్ పాదం, అంటే కార్బన్ ఫైబర్ ప్లేటుతో చేసింది, నా దగ్గరుండె, సైజు సరిగ్గా సరిపోయింది, అంత మంచి పాదం అవ్వకు దొరికిందని సంబురపడి పెట్టిన. పట్టుకొని నడవనీకి పెట్టిన రెండు బార్ల మధ్య నాలుగు రౌండ్లు నడిచింది, ఆగింది, బార్ పట్టుకొని "కొడుకా, ఎంత నడిచినా గుట్ట ఎక్కుతున్నట్టే ఉన్నదిరా" అన్నది. నేను స్క్రూలు తిప్పిన, కోణం మార్చిన, రెండు రోజులు అదే పని. అవ్వ మాట మారలే, గుట్ట గుట్టనే. మూడో రోజు పాదం విప్పి వెనుక నంబర్ చూస్తే అది 80 కిలోల మనిషికి చేసిన గట్టితనం. 42 కిలోల అవ్వ బరువుకు ఆ ప్లేటు వంగుడే లేదు, వంగకపోతే దొర్లుడు లేదు, ప్రతి అడుగుకూ ఆమె తన ఒళ్లంతా ఆ పాదం మీదికి ఎక్కించాల్సి వస్తున్నది. మెత్తటి పాదం మార్చినంక రెండో రౌండ్‌కే బార్ వదిలేసింది. అప్పటి నుంచి మనిషిని తూకం వెయ్యకుండా పాదం బయటికి తీసిందే లేదు.

కార్బన్ పాదం విల్లు లాంటిది. 1984లో వాన్ ఫిలిప్స్ అనే ఆయన, ఆయనకూ కాలు లేదు, ఫ్లెక్స్‌ఫుట్ పేరుతో తెచ్చిన డిజైన్ నుంచి మొదలైంది. బరువు పడితే ప్లేటు వంగుతది, అడుగు వదిలేటప్పుడు తిరిగి తన్నుతది. ఎంత లాగితే అంతలోపే వదుల్తది, ఎక్కువియ్యదు, అదీ లాగే బరువుకు తగ్గ విల్లు అయితేనే.

ఈ మధ్య నాకు చాలా సంతోషం అనిపించింది మన బీబీనగర్ ఎయిమ్స్ పని. డీఆర్‌డీఎల్ అనే రక్షణ పరిశోధన ల్యాబ్ వాళ్లతో కలిసి చేసిన కార్బన్ పాదం 'అడిడాక్'ను 2025 జూలైలో బయటికి తెచ్చిన్రు. 125 కిలోల దాకా లోడ్ పెట్టి పరీక్షించిన్రు, ఇట్లాంటి ఇంపోర్టెడ్ పాదం సుమారు 2 లక్షలుంటే ఇది 20 వేల లోపే తయారైతదని చెప్పిన్రు. అందరూ రేటు గురించే మాట్లాడిన్రు, నాకు నచ్చింది మాత్రం వేర్వేరు బరువుల వాళ్లకు మూడు రకాలు చేసుడు. అసలు సంగతి వాళ్లు పట్టుకున్నరు.

అపోహ: జైపూర్ పాదం పాతకాలంది, గతిలేనోళ్లకు ఇచ్చేది

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధైతది. 1960ల చివర్ల జైపూర్ ఎస్ఎంఎస్ హాస్పిటల్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ కలిసి చేసిన పాదం ఇది. శర్మ గారు ఇంజనీర్ కాదు, చేతిపని తెలిసిన శిల్పి. అప్పటిదాకా ఉన్నది శాచ్ పాదం, 1950లల్ల అమెరికాల బర్కిలీలో పుట్టింది, లోపల కట్టె, మడమ కాడ మాత్రం మెత్తటి స్పాంజ్, చీలమండ అస్సలు కదలదు. బూట్లు వేసుకొని కుర్చీలో కూసునే దేశానికి అది సరిపోతది. మనోళ్లు చెప్పులిడిచి ఇంట్లకు పోతరు, సక్లంముక్లం పెట్టుకొని తింటరు, పొలం గట్టు మీద గొంతుక్కూసుంటరు, బురదల దిగుతరు. ఆ శాచ్ పాదంతో ఇవేవీ కావు, అందుకే కాలిచ్చినా మూలకు పెట్టి కర్రలతోనే తిరిగెటోళ్లు.

మొన్న త్రిపురారం రైతు ఒకాయన పాత జైపూర్ పాదం తెచ్చి కొత్తది తీసుకున్నడు. ఆ పాతదాన్ని నిలువుగా రంపంతో కోసి చూసిన. మడమ కాడ స్పాంజ్ రబ్బరు ముక్క, ముందు భాగంల ఇంకో ముక్క, పైన కాలికి బిగించే కాడ కట్టె, వాటన్నిటి చుట్టూ టైర్ల వాడే దారం పొరలు, కింద టైరు రబ్బరు, పైన చర్మం రంగు రబ్బరు, మొత్తం అచ్చుల పెట్టి టైరు ఉడికించినట్టు ఉడికించింది. వేళ్ల మొదళ్ల కాడ అడ్డంగా పగులు, పగుల్ల ఎండిన నల్లరేగడి. నాలుగు వానాకాలాలు నాట్లేసిన పాదం అది.

డిజైన్ చేసేటోళ్లు చూడాల్సింది ఇక్కడ ఒకటున్నది. చదునుగా నడిచేటప్పుడు చీలమండ ముందుకు వంగేది సుమారు 10 డిగ్రీలే. గొంతుక్కూసునేటప్పుడు 30 డిగ్రీలు దాటుతది. నడకకేమో ఆ పది డిగ్రీల కాడ పాదం గట్టిగ నిలబడాలె, లేకుంటే మోకాలు ముందుకు జారుతది, కూసునేటప్పుడేమో అదే పాదం ఇంకా ఇంకా లొంగాలె. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు, ఒక్క పాదంల ఈ రెండూ సర్దాలె. జైపూర్ పాదం రబ్బరుతో ఈ రాజీ కుదిర్చింది, పక్కలకు కూడా ఒరుగుతది కాబట్టి గడ్డలున్న దుక్కిల కూడా పట్టుంటది. దాని లోట్లు దానికున్నయి, బరువెక్కువ, రబ్బరు శక్తిని తినేస్తది కాబట్టి కార్బన్ లెక్క తిరిగి తన్నదు, చేత్తో చేసేది కాబట్టి ఒకదానికీ ఒకదానికీ తేడా ఉంటది. సుధాచంద్రన్ గారు భరతనాట్యం చేసింది ఈ జైపూర్ పాదంతోనే, అయితే దాని వెనుక ఆమె పడ్డ శ్రమ కూడా లెక్కల పెట్టాలె. ఇంకొకటి, ఈ కాలు పైభాగం చాలా చోట్ల హెచ్‌డీపీఈ పైపుతో చేస్తరు, మన బోరుబావుల దింపే నల్ల పైపు జాతిదే, వేడి చేసి కాలి అచ్చు మీదికి లాగుతరు. మా ఊరోళ్లకు ఇది చెప్తే ఎంత నమ్మకం వస్తదో.

అపోహ: మోటరున్న పాదం పెడితే ఏ కష్టం ఉండదు

మన పిక్క కండ చేసే పని చాలామందికి తెల్వదు. అడుగు చివర్ల శరీరాన్ని ముందుకు నెట్టే బలం ఎక్కువ దాని నుంచే వస్తది. స్ప్రింగ్ పాదం దాచుకున్నదే ఇస్తది, పిక్క మాత్రం కొత్త శక్తి పుట్టిస్తది, ఆ లోటు తీర్చాలంటే నిజంగనే మోటరు కావాలె. ఎంఐటీల హ్యూ హెర్ అనే ప్రొఫెసర్, 1982ల కొండ మీద మంచుల చిక్కి రెండు కాళ్లు మోకాళ్ల కింద పోగొట్టుకున్నాయన, ఇట్లాంటి చీలమండ చేసిండు, తనే వేసుకొని నడుస్తడు. గొప్ప పని, నాకు ఆయనంటే గౌరవం. కాకపోతే బ్యాటరీ బరువు పాదం కాడ పడ్తది, కాలు చివర్ల పెరిగే ప్రతి వంద గ్రాములూ కాలు ఊపేటప్పుడు తుంటికి తెలుస్తది, రోజూ ఛార్జింగ్ పెట్టాలె, రిపేర్ వస్తే ఎక్కడికి పోవాలె, నీళ్లు మడిల దిగితే ఏమైతది. వరి పొలం ఉన్నాయన అడిగితే ఇప్పటికి వద్దనే చెప్తున్న.

పరుగు పోటీల వాడే బ్లేడు పాదం గురించి కూడా పిల్లలు అడుగుతరు. దానికి మడమ ఉండదు, నిమ్మళంగా ఒక్క చోట నిలబడనియ్యదు. పరుగుకే అది.

అపోహ: పాదం మంచిదైతే చాలు, చెప్పులు ఏవైతే ఏంది

వాస్తవం: పాదం కన్నా ముందు సాకెట్, అంటే మిగిలిన కాలు కూసునే గిన్నె. అది వదులైతే ఎంత మంచి పాదమైనా లోపల ఊగుతది, నొప్పి లేస్తది. తర్వాత అలైన్‌మెంట్, అంటే కాలికి పాదం ఏ కోణంల బిగించాలె అన్నది. ఆ తర్వాత చెప్పులు, వీటిని అస్సలు పట్టించుకోరు.

లెక్క చెప్తా చూడండి. మడమ ఒక సెంటీమీటర్ ఎత్తున్న బూటుతో అలైన్‌మెంట్ చేసినం అనుకోండి. ఇంటికి పోయి బూటు ఇడిచిండు. మడమ నుంచి వేళ్ల మొదలు దాకా 15 సెంటీమీటర్లుంటే, ఒక సెంటీమీటర్ తగ్గినందుకు కాలు దాదాపు 4 డిగ్రీలు వెనక్కి వాలుతది. మోకాలు నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తుల ఉంటది, అక్కడికొచ్చేసరికి రెండున్నర సెంటీమీటర్ల పైనే వెనక్కి పోయింది. సొంత చీలమండ అయితే సర్దుకుంటది, పెట్టుడుదానికి ఆ తెలివి లేదు. గుట్ట ఎక్కుతున్నట్టుంటది, మోకాలు వెనక్కి విరుస్తది, నెల రోజులకు మోకాలు నొప్పని వస్తరు. ఎత్తు మడమ చెప్పులేస్తే దీనికి రివర్స్, దిగుడు దిగుతున్నట్టు ముందుకు తోస్తది.

ఒకాయన మర్రిగూడ నుంచి వచ్చి "సారూ, మీ కాడ మంచిగ నడుస్త, ఇంటికి పోతే పడుతున్న" అన్నడు. "కాకా, ఇంటికాడ ఏం చెప్పులు ఏస్తవు?" అంటే "ఇంట్ల చెప్పులెందుకు సారూ" అన్నడు. ఆయన వాకిట్ల తిరిగేది అంతా ఒట్టి కాలితోనే. ఒట్టి పాదంతో నిలబెట్టి మళ్ల సెట్ చేసి, బూట్లేసేటప్పుడు పాదం ముందు భాగం కింద బూట్ల పెట్టుకోనీకి ఒక పలక ఇచ్చిన, మడమ ఎత్తుకు ముందు కూడా అంతే లేవాలె కదా. మళ్ల పడలే.

అపోహ: ఒకసారి పెట్టించుకుంటే జీవితాంతం ఉంటది

ఉండదు. ఐఎస్ఓ 10328 అనే అంతర్జాతీయ ప్రమాణం పరీక్షల పాదాన్ని మెషిన్ మీద 20 లక్షల సార్లు తొక్కించి చూస్తరు. ఒక కాలుతో రోజుకు 3 వేల అడుగులేస్తే ఏడాదికే దాదాపు 11 లక్షలైతయి. పొలం పని చేసేటోళ్లు ఇంకా ఎక్కువ. కాబట్టి మడమ కాడ మెత్తదనం పోయి గట్టిగ తగుల్తున్నా, అడుగేస్తే టక్ మని సౌండొచ్చినా, వేళ్ల కాడ పగులు కనిపించినా ఆగకుండా రావాలె.

వచ్చేటప్పుడు మాత్రం, కొత్తగా పెట్టించుకునేటోళ్లైనా రిపేర్‌కు వచ్చేటోళ్లైనా, ఇంట్ల ఎట్ల తిరుగుతరో, కింద కూసుంటరా కుర్చీలనా, మడిల దిగుతరా, బరువులు మోస్తరా, అన్నీ దాచకుండా చెప్పండి. పెండ్లికి ఏసేవి, పొలానికి ఏసేవి రెండు జతల చెప్పులూ తెచ్చుకోండి. పొలానివి బురదతోనే తెచ్చినా ఏం కాదు.