'మధ్య'కు ఇటలీలో ఒక చుట్టం

లాటిన్ పదాల పుట్టుక చెప్పే నిఘంటువుల్లో 'మెదియుస్' (నడిమి) దగ్గర *మెదియోస్ అని ఒక రూపం ఉంటుంది. ముందున్న నక్షత్రం గుర్తుకు అర్థం, ఇది ఎక్కడా రాసి దొరకలేదు, పండితులు ఊహించి కట్టిన రూపం అని. లాటిన్‌కూ దాని సోదర భాషలకూ తల్లి అనుకునే ఆది ఇటాలిక్ మాట ఇది.

ఇందులోని 'ద' మన 'ద' కాదు. ఇంగ్లీషు 'దిస్'లో లాగా నాలుక పళ్లకు ఒరుసుకుంటూ పలికేది. లాటిన్‌కు దూరపు చుట్టమైన సంస్కృతంలో, 'మధ్య'లో ధకారం ఉంది. మనం రోజూ వాడే 'మధ్య' అక్కడిదే. లాటిన్‌లో మామూలు 'ద' ఉంది. మరి ఈ ఒరిపిడి ఎక్కడిది?

దానికి ఆధారం ఒక సరిహద్దు రాయి. నేపుల్స్ దగ్గరి ఆవెల్లాలో ఒక గుమ్మానికి గడపగా పడి ఉన్న దాన్ని 1745లో గుర్తించారు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో నోలా, అబెల్లా (ఇప్పటి ఆవెల్లా) ఊళ్లు హెర్క్యులీజ్ గుడి, దాని భూమి గురించి చేసుకున్న ఒప్పందం అది. ఖజానా తెరవాలంటే రెండు ఊళ్లూ ఒప్పుకోవాలి. భాష లాటిన్‌కు సోదరి అయిన ఓస్కన్, రాత కుడి నుంచి ఎడమకు. హద్దురాళ్లు దారి నడుమ ఉన్నాయని చెప్పేచోట 'వియై మెఫియై' అని చెక్కారు. లాటిన్‌లో 'ద' ఉన్నచోట ఇక్కడ 'ఫ'!

ధకారం మొదట ఒరిపిడి శబ్దంగా మారితేనే ఒకచోట 'ద', ఇంకోచోట 'ఫ' కావడానికి దారి దొరుకుతుంది. లాటిన్‌లోనే ఇంకో సాక్ష్యం ఉంది. మన 'రుధిరం'తో చుట్టరికమున్న 'రుబెర్' (ఎర్రని)లో అదే ధకారం 'బ' అయింది. మరో సోదర భాష ఉంబ్రియన్‌లో అది 'రుఫ్రు'.

అసలు అలాంటి తల్లి భాష ఉందా అన్న పేచీ కూడా నడిచింది. ఈ భాషలు వేర్వేరుగా ఇటలీకి వచ్చి, పక్కపక్కన మసలి దగ్గరయ్యాయని ఇటలీ భాషావేత్త జాకోమో దెవోతో వాదించాడు. నాకు మాత్రం ఆ వాదన బలహీనంగా అనిపిస్తుంది. అదే రాయి మీద 'ఫుఫన్స్' (వాళ్లు ఉండేవారు) అని ఉంది. అందులోని '-ఫన్స్' లాటిన్ భూతకాల క్రియల చివరి '-బంట్'కు సరిజోడు. మాటలు అరువు తెచ్చుకుంటారు గానీ క్రియా ప్రత్యయాలను అంత తేలిగ్గా తెచ్చుకోరు. ఇప్పుడు ఎక్కువమంది తల్లి భాష ఉందనే అంటున్నారు. పదం నడుమ ఆ ఒరిపిడి శబ్దం 'దిస్'లో లాంటిదా, 'థింక్'లో లాంటిదా అన్నది మాత్రం ఇంకా చర్చలోనే ఉంది.